నేను వదిలేసిన ఏడో స్లైడు

సేఫ్టీ ట్రైనర్ అంటే ఏం చేస్తాడని మా తెనాలిలో ఎవరినైనా అడిగితే "హెల్మెట్లు పంచుతాడు" అంటారు. నా సర్వీసు మొత్తంలో నేను ఒక్కరికి ఒక్క హెల్మెట్ పంచిన పాపాన పోలేదు. గోతాల్లో తెచ్చేవాణ్ణి, తలల మీద పెట్టించేవాణ్ణి, ఫోటో అయ్యాక మళ్లీ గోతాల్లో వేసుకుని వెళ్లిపోయేవాణ్ణి. ఆ మధ్యలో కాసేపు మాట్లాడేవాణ్ణి. దాన్నే శిక్షణ అనేవాళ్లు.

నా పేరు మస్తాన్. మా నాన్న బజార్లో రేకు పెట్టెలు చేసేవాడు. ఆయన ఎడమ చేతి చూపుడు వేలికి చివరి కణుపు లేదు. ఎలా పోయిందని అడిగితే "పని నేర్చుకునేటప్పుడు పోయింది" అనేవాడు, బడికి ఫీజు కట్టినంత మామూలుగా. అలాంటి ఇంట్లో పుట్టి నేను ఈ ఉద్యోగంలో చేరటం ఆయనకు చివరిదాకా మింగుడు పడలేదు. "జాగ్రత్తగా ఉండమని చెప్పినందుకు కూడా జీతం ఇస్తార్రా?" అని ఆశ్చర్యపోయేవాడు.

మొన్న ఇద్దరు కుర్రాళ్లు ఇంటికి వచ్చారు. సేఫ్టీ డిప్లొమా పూర్తి చేసి, నేను పనిచేసిన సంస్థలోనే చేరబోతున్నారు. "సార్, ఈ ఫీల్డులో తొందరగా పైకి రావాలంటే ఏం చేయాలండి?" అని అడిగారు. అది అడగాల్సిన మనిషిని కాదు నేను. చేరినప్పుడు ట్రైనర్ని, దిగిపోయేటప్పుడూ ట్రైనర్నే. కానీ ఈ ఉద్యోగం అసలు ఏంటో మాత్రం నాకు తెలుసు. అది నాకు తెలిసిరావటానికి ఒక మనిషి చచ్చిపోవాల్సి వచ్చింది. టీ తాగేలోపు చెప్పగలిగే సంగతి కాదు కాబట్టి రాస్తున్నాను.

ఆటోలో తిరిగిన హెల్మెట్లు

ఫ్యాక్టరీల్లో, సైట్లలో పనివాళ్లకు శిక్షణ ఇచ్చే మా సంస్థకు నలభై పసుపు హెల్మెట్లు ఉండేవి. నాలుగు గోతాల్లో కట్టి ఆటోలో వేస్తే, పొద్దున వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె వెళ్లి అక్కడ ఒక ఐస్ ఫ్యాక్టరీలో తలల మీదకు ఎక్కేవి. మధ్యాహ్నానికి ఇంకో సైటులో ఇంకో నలభై తలలు. మర్నాడు బాపట్ల. తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టుపక్కల రైసు మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, రొయ్యల ఫ్యాక్టరీలు, కట్టే వాటర్ ట్యాంకులు అన్నీ ఆ హెల్మెట్లు చూశాయి. అంత శిక్షణ పొందిన వస్తువులు జిల్లాలో ఇంకెక్కడా ఉండవు.

అందులో ఒకదాని మీద ఎవరో ఆకుపచ్చ రంగు ఒలకబోశారు. అది చెరగలేదు. ఒకసారి మా ఆఫీసుకు తనిఖీకి వచ్చిన అధికారి ఫోటోల ఆల్బం తిరగేస్తూ, "ఈ పచ్చ మచ్చ హెల్మెట్ మనిషి ఎవరండీ, అన్ని సైట్లలోనూ ఉన్నాడు, పాపం సెలవనేది లేదా?" అన్నాడు. మా డైరెక్టర్ గారు నవ్వారు, నేనూ నవ్వాను. ఆయన వెళ్లాక ఆ హెల్మెట్‌కి పసుపు రంగు వేయించారు.

డైరెక్టర్ గారు చెడ్డ మనిషి కాదు. ఎవరినీ 'నువ్వు' అనటం నేను వినలేదు. చేరిన రోజునే నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించి, "మస్తాన్ గారూ, శిక్షణకి మూడు కావాలండి. బ్యానరు, ఫోటో, సంతకం. మిగతావి మీ ఇష్టం" అన్నారు. ఆ మిగతావి ఏంటని నేనూ అడగలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. ఇన్నేళ్లూ హెల్మెట్ల గురించి ఉపన్యాసాలు ఇచ్చిన నేను బండి మీద ఎప్పుడూ హెల్మెట్ పెట్టుకోలేదు. చెమట పడుతుందని. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఊరందరికీ చెప్పే ముందు కనీసం మన వీధి చివరిదాకా అయినా పెట్టుకోండి" అనేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా ఇంట్లో మాత్రం చెప్పేవాడే లోకువ.

మిల్లు గుమ్మం దగ్గర బూట్లు

తెనాలిలో ఒక రైసు మిల్లు. అక్కడ ఒక మనిషి కాలి మీద ఇనుప గొట్టం పడి వేళ్లు నుజ్జయ్యాయి. దాంతో మిల్లు యజమాని ముప్ఫై జతల సేఫ్టీ బూట్లు కొన్నాడు. వాటిని పంచి, వాటి గొప్పతనం గంటసేపు చెప్పి, ఫోటో తీసుకుని వచ్చాను. నిజంగా పంచిన వస్తువులు నా జీవితంలో అవే, అవీ నావి కావు.

మర్నాడు అటు పోతూ లోపలికి తొంగి చూశాను. గుమ్మం బయట ముప్ఫై జతలూ వరసగా, కొసలు గోడవైపు తిప్పి, పెళ్లివారింటి ముందు విడిచినట్టు విడిచి ఉన్నాయి. లోపల అందరూ వట్టి కాళ్లతో ధాన్యం రాశుల మీద తిరుగుతున్నారు. నాకు ఒళ్లు మండింది. అందరినీ పిలిచి కేకలేశాను. శేషమ్మ అని, చేటతో ధాన్యం ఎత్తిపోసే పెద్దావిడ, ఓపిగ్గా అంతా విని ఒక్క ప్రశ్న అడిగింది.

"సార్, మీ ఇంట్లో అన్నం గిన్నె మీద బూట్లేసుకుని నిలబడతారా?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"ఇది ఉడకలేదు, అంతే కదండీ తేడా. లక్ష్మీదేవి మీద చెప్పులతో ఎక్కితే నా కాలు ఉంటే ఎంత, పోతే ఎంత?"

నా దగ్గర రూల్స్ పుస్తకం ఉంది. అందులో లక్ష్మీదేవి లేదు. నేను సాయిబుల ఇంటివాణ్ణి కాబట్టి నాకు తెలియలేదని సరిపెట్టుకోబోయాను. కానీ మా ఇంట్లో నేల మీద అన్నం మెతుకు పడితే మా అమ్మ వంగి తీసి కళ్లకద్దుకునేది. తెలియకపోవటం కాదు, ఆలోచించకపోవటం.

దారి కూడా శేషమ్మే చెప్పింది. "రోడ్డు మీద తిరిగిన బూటు కదండీ తప్పు. కడిగి లోపలే పెట్టుకుని, గుమ్మం దాటించకుండా ఉంటే అది చెప్పు ఎందుకవుద్ది? మిల్లు సామాను అవుద్ది." ఆ సాయంత్రమే బూట్లన్నీ కడిగించి, లోపల ఒక బల్ల వేయించి దాని మీద పెట్టించాం. పసుపు కుంకుమ కూడా పెట్టారు. మర్నాటి నుంచి అందరూ వేసుకున్నారు.

ఈ సంగతంతా రెండు పేజీల రిపోర్టు రాశాను. డైరెక్టర్ గారు చదివి మెచ్చుకుని, దాన్ని "నూటికి నూరు శాతం బూట్ల వాడకం" అని ఒక లైను చేశారు. శేషమ్మ ఎగిరిపోయింది, పసుపు కుంకుమ కూడా ఎగిరిపోయాయి. పని చేసే మనుషులకు తమ నియమాలు తమకు ఉంటాయనీ, మన నియమం వాటిలో ఎక్కడ ఇముడుతుందో వాళ్లనే అడగాలనీ ఆ రోజే నాకు అర్థమై ఉండాల్సింది. కానీ ఒకసారి చెబితే నేర్చుకునే రకాన్ని కాదు నేను.

బిర్యానీ చల్లారిపోతుందని

బాపట్ల దాటాక సముద్రం వైపు ఒక రొయ్యల ఫ్యాక్టరీ ఉంది. పేరు అనవసరం. అక్కడికి వేట నిషేధం రోజుల్లో దగ్గరి పల్లె నుంచి పనికి వచ్చే మనుషులు ఉండేవాళ్లు. అందరూ సముద్రం మీద బతికేవాళ్లు, పడవలు ఒడ్డున పెట్టి కూలికి వచ్చినవాళ్లు. వాళ్ల మేస్త్రీ నాంచారయ్య. ముఠాలో అందరూ అందరికీ చుట్టాలే. నాంచారయ్య చెల్లెలి కొడుకు శ్రీను కూడా అందులోనే ఉన్నాడు. పది దాకా చదివాడు, ఇరవై నాలుగేళ్లు, ఏది చూసినా ఏంటని అడిగే మనిషి.

నేను చూపించాల్సిన స్లైడ్లు పన్నెండు. హైదరాబాదులో ఎవరో ఇంగ్లీషులో రాస్తే ఇంకెవరో తెలుగు చేశారు. ఆ తెలుగు ఏ ఊళ్లో మాట్లాడతారో నాకు ఇప్పటికీ తెలియదు. ఏడో స్లైడు మీద "పరిమిత ప్రదేశ ప్రవేశ అనుమతి విధానం" అని ఉండేది. మామూలు మాటల్లో చెప్పాలంటే, గోతుల్లోకీ ట్యాంకుల్లోకీ ఊరికే దిగొద్దు, లోపల చెడ్డ గాలి ఉంటుంది, ముందు దిగినవాడు పడిపోతే వాడి వెంట నువ్వు దిగొద్దు, అని. కింద ఒక గొయ్యి బొమ్మ, మొహానికి గొట్టం తగిలించుకున్న ఒక తెల్లదొర బొమ్మ.

ఆ రోజు పదింటికి మొదలు కావాల్సిన క్లాసు, యజమాని రెండు మాటలు మాట్లాడతానని గంటన్నర మాట్లాడటంతో పదకొండున్నరకి మొదలైంది. ఆరో స్లైడు దగ్గర ఉండగా బాపట్ల నుంచి బిర్యానీ దిగింది. ఆ వాసనకు నలభై తలలూ ఒకేసారి గుమ్మం వైపు తిరిగాయి. అందులో నా తల కూడా ఉంది. మేనేజర్ నా చెవి దగ్గర, "సార్, చల్లారిపోద్దండి. ఫోటో తీసేసుకుందాం" అన్నాడు.

"మిగతావి మీకు తెలిసినవేలే" అని ఏడు నుంచి పదకొండు దాకా టకటకా దాటించి పన్నెండో స్లైడు మీద ఆగాను. దాని మీద "ధన్యవాదాలు" అని ఉంటుంది.

శ్రీను చెయ్యెత్తాడు. "సార్, మధ్యలో గొయ్యి బొమ్మ ఒకటి పోయింది. అదేంటండి?"

"అది మీకు పనికొచ్చేది కాదులే. ఫారిన్ వాళ్లది" అన్నాను.

అందరూ నవ్వారు. శ్రీను కూడా నవ్వాడు. హెల్మెట్లు పెట్టుకుని, బ్యానర్ వెనక నిలబడి ఫోటో దిగారు. హాజరు కాగితం తిప్పాను. కొందరు వేలిముద్ర వేశారు, కొందరు పొడి అక్షరాలు గీశారు. శ్రీను మాత్రం పేరంతా, ఇంటిపేరుతో సహా, గుండ్రంగా నిదానంగా రాశాడు. వెనకవాళ్లు బిర్యానీ అయిపోతుందని తొందర పెట్టినా వినలేదు.

ఆ కాగితం పైన "పన్నెండు అంశాలలో శిక్షణ పొందితిమి" అని అచ్చేసి ఉంటుంది. బిర్యానీ బాగుంది. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

మోకాలి లోతు నీళ్లు

నెల తిరగలేదు. ఆ ఫ్యాక్టరీ వెనక, రొయ్యల తలలూ తొక్కలూ కడిగిన నీళ్లు పోయే గొయ్యి ఉంది. పైన కాంక్రీటు మూత, లోపలికి ఇనుప నిచ్చెన. పంపు మూతికి చెత్త అడ్డుపడితే తీయమని పోతురాజు అనే మనిషిని దించారు. దిగాడు, కింద మెట్టు మీదే కూలబడ్డాడు. కేకేస్తే పలకలేదు. ఆ తర్వాత ఏం జరిగిందో నాంచారయ్య నాకు చెప్పాడు.

"నీళ్లు చూస్తే మోకాలి లోతు లేవండి. మేమంతా సముద్రంలో ఈదేవాళ్లం. మోకాలి లోతు నీళ్లలో మనిషి ఏం మునుగుతాడు? గాలి బాలేదని మాత్రం వాసనను బట్టి తెలిసింది. మా శ్రీను అన్నాడూ, 'మామా, ఊపిరి బిగపట్టి దిగి ఎత్తుకొచ్చేస్తా' అని. వాడు మాలో అందరికంటే ఎక్కువసేపు మునిగి ఉండగలడండి. వల రాళ్లకి తగులుకుంటే వాణ్ణే దించుతాం. సరే అన్నానండి. నేనే అన్నాను."

ఊపిరి బిగపట్టి నీటి అడుగున వల విడిపించటం వేరు. బరువైన మనిషిని భుజానికెత్తుకుని నిచ్చెన ఎక్కటం వేరు. ఎత్తబోయి శ్రీను ఒక్కసారి గాలి పీల్చి ఉంటాడు. ఒక్కసారి చాలు. బోర్లా పడ్డాడు, మొహం ఆ మోకాలి లోతు నీళ్లలో. ఇంకో ఇద్దరు దిగబోతుంటే నాంచారయ్య వాళ్ల నడుములు పట్టుకుని వెనక్కి లాగేశాడు. పడవ సామాన్లలోంచి తాడూ కొక్కెమూ తెప్పించి పై నుంచే ఇద్దరినీ తగిలించి లాగాడు. పోతురాజు బతికాడు. శ్రీను బతకలేదు.

గోతుల్లో ఎక్కడైనా ఇంతే. మొదట పడ్డవాడికంటే కాపాడబోయినవాడికే ఎక్కువ ప్రమాదం. అది ఏడో స్లైడులో నాలుగో లైను.

సంతకం ఎంత స్పష్టంగా ఉందో

విచారణకు అధికారి వస్తున్నాడని తెలియగానే డైరెక్టర్ గారు నన్ను పిలిచారు. బల్ల మీద ఆ హాజరు కాగితం, దానికి ప్లాస్టిక్ కవరు. "మన కాగితం గట్టిగా ఉందండి మస్తాన్ గారూ. మిగతావాళ్లవి వేలిముద్రలు, పొడి అక్షరాలు, ఈ అబ్బాయి మాత్రం ఎంత స్పష్టంగా సంతకం పెట్టాడో చూడండి, భగవంతుడే పెట్టించాడు." పక్కన టైపు చేసిన ఇంకో కాగితం. గోతులూ ట్యాంకుల గురించి పూర్తి శిక్షణ ఇచ్చామనీ, మృతుడు దాన్ని నిర్లక్ష్యం చేసి సొంత తప్పిదం వల్ల చనిపోయాడనీ అందులో ఉంది. కింద నా పేరు, సంతకానికి చోటు.

సంతకం పెట్టేవాణ్ణే. గొప్పలు పోయి ప్రయోజనం లేదు. నాకు ఉద్యోగం కావాలి, ఆయన అంటే గౌరవం, పైగా చచ్చినవాడు తిరిగి రాడు కదా అనే మాట అప్పటికే మనసులో తయారుగా ఉంది. రేపు సంతకం చేసి ఇస్తానని చెప్పి కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పలకరించకపోతే బాగుండదని పల్లెకు వెళ్లాను.

శ్రీను తల్లి నాగమ్మ ఇంటి ముందు ఇసుకలో కూర్చుని ఉంది. పక్కన నాంచారయ్య, ఇంకా చుట్టాలు. నేనెవరో చెప్పగానే ఆవిడ లేచి నిలబడింది.

"సాయిబు గారూ, ఫ్యాక్టరీవాళ్లు వచ్చి చెప్పారు. మీరు దిగొద్దని చెప్పారంట, మావాడు మాట వినకుండా దిగాడంట. మావాడు అట్టాంటోడు కాదండి. మాట వినే పిల్లోడు. బళ్లో పంతులు చెప్పినా వినేవాడు, వాళ్ల మావయ్య చెప్పినా వినేవాడు. మీరు చెప్పారా, చెప్పలా? ఆ ఒక్కటీ చెప్పండి."

జేబులో కాగితం ఉంది. నాంచారయ్య నా మొహం చూడటం లేదు. ఆ రోజు క్లాసులో ఆయనా ఉన్నాడు, నేను చెప్పలేదని ఆయనకీ తెలుసు. అయినా పెద్దమనిషి కదా, సార్ నోటితో సారే చెప్పాలని ఊరుకున్నాడు.

"చెప్పలేదమ్మా. వాడు అడిగాడు. నేనే చెప్పలేదు."

"అన్నా, విన్నావా?" అని ఆవిడ నాంచారయ్య వైపు తిరిగింది. "మావాడి తప్పు లేదంట." తర్వాత నా వైపు తిరిగి, "నీ నోరు పడిపోను, ఆ ఒక్క మాట చెప్పటానికి నీకేం అడ్డొచ్చిందయ్యా?" అంది.

బిర్యానీ అడ్డొచ్చిందని ఆ తల్లికి ఎలా చెప్పను? అంత సిగ్గు నా బతుకులో అంతకు ముందు ఎప్పుడూ పడలేదు, తర్వాతా పడలేదు.

విచారణలో అధికారి అడిగినప్పుడు, ఏడో స్లైడు దాటేశాననీ, ఆ మనిషి అడిగితే పనికిరాదని చెప్పాననీ చెప్పాను. ఆయన కలం ఆపి, "ఇది రాసుకోమంటారా?" అన్నాడు. రాసుకోండి అన్నాను. డైరెక్టర్ గారు నన్ను కార్లో బాపట్ల నుంచి తెనాలి దాకా తీసుకొచ్చారు. ఇంటి ముందు దింపుతూ, "నిజం చెప్పటానికి కూడా ఒక పద్ధతి ఉంటుందండి" అన్నారు. మర్నాటి నుంచి నన్ను క్లాసులు తీసుకోనివ్వలేదు. ఆఫీసులో కూర్చోబెట్టి పాత హాజరు కాగితాలు తేదీల వారీగా సర్దమన్నారు. ఆయనకు తెలిసి వేసిన శిక్షో, తెలియక వేసిన శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు.

బ్యానర్ లేని క్లాసు

ఆ రోజుల్లోనే ఆదివారాలు నా బండి మీద పల్లెకు వెళ్లటం మొదలుపెట్టాను. హెల్మెట్ పెట్టుకుని. మొదటి ఆదివారం నాతో ఎవరూ మాట్లాడలేదు. రెండో ఆదివారం నాంచారయ్య, "ఏంటండి మీ ఉద్దేశం?" అని అడిగాడు. ఏడో స్లైడు చెప్పి వెళ్తాను అన్నాను.

పడవ నీడలో ఇసుక మీద కూర్చున్నారు. "మీవాడు గోతిలో పడిపోతే మీరు దిగకూడదు" అని మొదలుపెట్టాను. ఆ మాటకే సగంమంది లేచారు. పోతురాజు కూడా అక్కడే ఉన్నాడు. "నేను బతికిందే వాడు దిగబట్టి కదండీ. పడ్డోణ్ణి వదిలేసి ఒడ్డుకొస్తే ఇక్కడ మంచినీళ్లు కూడా ఇవ్వరు సార్" అన్నాడు. శ్రీను దిగబట్టి కాదనీ, తాడు వేయబట్టి బతికావనీ అతనితో అనటానికి నాకు నోరు రాలేదు. అప్పుడు శేషమ్మ గుర్తొచ్చింది. చెప్పటం ఆపి అడిగాను.

"సముద్రంలో మనిషి పడితే మీరేం చేస్తారు?"

"దూకుతాం" అన్నాడు నాంచారయ్య.

"ఊరికేనా?"

"ఊరికే ఎట్టా దూకుతామండి? అల లాక్కుపోదూ? నడుముకి తాడేసుకుని, ఇంకో కొస పడవలో ఉన్నోడి చేతికిచ్చి దూకుతాం. తాడు లేకుండా దూకినోణ్ణి మా నాయన బతికొచ్చాక చెంప పగలగొట్టేవాడు."

అని ఆగిపోయాడు. నీళ్లు మోకాలి లోతే కదా అని ఆ రోజు వాళ్లు తాడు సంగతి మర్చిపోయారు. అక్కడ లాక్కుపోయేది నీళ్లు కాదు, గాలి. "ఆ గొయ్యి కూడా సముద్రమే అనుకోండి" అన్నాను. అంతే చెప్పాను. తెల్లదొర బొమ్మ అక్కర్లేకపోయింది.

మిగతాదంతా వాళ్లూ నేనూ కలిసి తయారుచేసుకున్నాం. దిగకముందే తాడు. నడుముకి కడితే మనిషి మధ్యకు మడతపడి నిచ్చెనకి తగులుకుంటాడు కాబట్టి చంకల కింద కట్టాలని నేను చెప్పాను. లాగినప్పుడు బిగుసుకుని ఊపిరాడకుండా చేయని ముడి వాళ్లు చెప్పారు. గొయ్యి మూత తీసి లోపలికి ఫ్యానుతో మంచి గాలి కొట్టాలని, మీటరు పెట్టి గాలి మంచిదో కాదో చూడాలని, పై మనిషి తాడు వదిలి బీడీకి కూడా పోకూడదని చెప్పాను. ఒకణ్ణి పడవ లోపల పడుకోబెట్టి, అంచు మీద నుంచి ఎవరూ దిగకుండా తాడుతోనే పైకి లాగటం పదిసార్లు చేయించాను. నాగమ్మ ఇంటి గుమ్మంలో నిలబడి చూసింది. నాతో మాట్లాడలేదు. మా అందరికీ టీ మాత్రం ఆవిడ ఇంటి నుంచే వచ్చింది.

అక్కడ బ్యానరు లేదు. ఫోటో లేదు. సంతకాలు తీసుకోవటానికి నాకు మనసు రాలేదు.

అయినట్టా, కానట్టా

నేను రిటైరయ్యే ముందు ఏడాది, ఒక మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా నాంచారయ్య ఫోన్ చేశాడు.

"సార్, మన ముఠాలో రాంబాబు ఇవాళ గోతిలో పడ్డాడండి. రేపల్లె దగ్గర వేరే ఫ్యాక్టరీలో. గాలి కొడుతుంటే కరెంటు పోయింది. ఎక్కి వచ్చేలోపే కూలబడ్డాడు."

"ఎవరు దిగారు?"

"ఎవరూ దిగలా. తాడు పోతురాజు చేతిలో ఉంది. లాగేశాం. ఆస్పత్రిలో చూపించాం. ఇదిగో, టీ తాగుతున్నాడు. మాట్లాడతాడా?"

మాట్లాడక్కర్లేదన్నాను. నాకు ఏడుపొస్తోంది, అది వాడికి వినిపించటం ఎందుకు?

"ఇంకో మాటండి" అన్నాడు నాంచారయ్య. "ఇక్కడి మేనేజర్ గారు మీకు ట్రైనింగ్ అయిందా అని అడుగుతున్నారు. కాగితం చూపించమంటున్నారు. మీరు పడవ దగ్గర నేర్పినదానికి మేం సంతకాలు పెట్టలేదు కదండీ. మాకు అయినట్టా, కానట్టా?"

విషయం డైరెక్టర్ గారి దాకా వెళ్లింది. ఆయన నిజంగానే సంతోషించారు, స్వీట్లు తెప్పించారు. తర్వాత నన్ను లోపలికి పిలిచి, "ఇంత మంచి కేసు మన రిపోర్టులో లేకపోతే ఎలాగండి? పాత తేదీ వేసి ఒక హాజరు కాగితం మీద వాళ్ల సంతకాలు తెచ్చేయండి. శిక్షణ ఇచ్చారు కదా, అబద్ధమేం కాదు కదా" అన్నారు. నేను తీసుకురానన్నాను. ఆయన నొచ్చుకున్నారు. "మీకు పని జరగనప్పుడు కాగితం వద్దు, జరిగినప్పుడూ వద్దు. మీతో ఎలాగండి?" అన్నారు. ఆయన బాధ నాకు అర్థమైంది.

బాబూ, మీరిద్దరూ వచ్చే నెల చేరుతున్నారు. బ్యానరు కట్టండి, ఫోటో తీయండి, సంతకాలూ పెట్టించుకోండి. అవి మానేయమని చెప్పటం లేదు, మీ ఉద్యోగం ఊడుతుంది. కానీ మొదటి రోజు రికార్డు రూములోకి వెళ్లి ఆ పాత ఫైలు ఒకసారి తీయించుకోండి. వరస నేనే సర్దాను, వెతుక్కోనక్కర్లేదు. దాని ప్రకారం శ్రీను పన్నెండు అంశాల్లో శిక్షణ పొందినవాడు. నాంచారయ్యా, పోతురాజూ ఆ పన్నెండూ నేర్చినవాళ్లే. వాళ్లు ఇసుకలో నేర్చుకున్నది మాత్రం ఏ కాగితంలోనూ లేదు. విచారణలో నేను చెప్పింది ఎక్కడ ఉందో నాకు తెలియదు, ఆ ఫైల్లో మాత్రం లేదు. హాజరు కాగితం ఇంకా ఆ ప్లాస్టిక్ కవరులోనే ఉంటుంది. శ్రీను సంతకం గుర్తుపట్టటం కష్టం కాదు. పేరంతా రాశాడు.